ఉద్యోగం పట్నంలో.. ఊరు కేతేపల్లిలో.. మరి ఇల్లెక్కడ?

కేతేపల్లి: హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారిపై రాజధానికి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న మండల కేంద్రమిది. దూరమనుకుంటే దూరం, దగ్గరనుకుంటే దగ్గర. పొద్దున పోయి రాత్రికి రావచ్చునన్న ఆశ పుట్టించేంత దగ్గర. నాలుగు రోజులు అలా తిరిగితే నడుము విరిగేంత దూరం. డిగ్రీ చదివి నగరంలో కొలువు సంపాదించిన యువకుడి ఇంట్లోనైనా, పిల్లను ఇంటర్మీడియట్‌లో చేర్పించాల్సిన రైతు ఇంట్లోనైనా ఏటా వేసవిలో తలెత్తే ప్రశ్న ఒక్కటే. ఊళ్లో ఉండి తిరగాలా? హయత్‌నగర్‌లో అద్దెకు దిగాలా? నడిమధ్య చౌటుప్పల్‌లోనో, చిట్యాలలోనో గూడు చూసుకోవాలా?

ఈ ప్రశ్న నిన్న మొన్నటిది కాదు. కాని రోడ్డు మారిన తరువాత దాని స్వరూపం మారింది. ఈ రహదారి 9వ నంబరుగా, రెండు వరుసలుగా ఉన్న కాలంలో పట్నం పోవడమంటే ఒక రోజు పని. సద్దిమూట కట్టుకుని తెల్లవారకముందే బస్సెక్కేవారు. పని ముగియకుంటే చుట్టాల ఇంట్లో పడుకునేవారు. రోజూ పోయి రావచ్చునన్న ఊహే ఎవరికీ లేదు. నాలుగు వరుసల విస్తరణ పూర్తయి, 2012 డిసెంబరులో టోల్ వసూలు మొదలైన నాటి నుంచి లెక్క మారింది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు వద్ద టోల్ గేట్లు వెలిశాయి. వాటిలో కొర్లపహాడ్ ఈ మండలంలోదే. బండి వేగం పెరిగింది. వేగంతో పాటు భ్రమ కూడా పెరిగింది.

భ్రమ అనడానికి కారణముంది. దండుమల్కాపురం దాకా సాఫీగా సాగిన ప్రయాణం అక్కడి నుంచి ఎల్‌బీనగర్ వరకు ఉన్న సుమారు 25 కిలోమీటర్లలో తేలిపోతుంది. అబ్దుల్లాపూర్‌మెట్, పెద్దఅంబర్‌పేట, హయత్‌నగర్‌ల మీదుగా సాగే ఆ ముక్క నగరం వీధిగా మారి చాలా కాలమైంది. సంక్రాంతి ముందు పంతంగి వద్ద బారులు తీరే వాహనాల ఫొటోలు ఏటా పత్రికల్లో వస్తాయి. నిత్యం తిరిగేవారిని అలసటకు గురిచేసేది పండుగ రద్దీ కాదు, సోమవారం ఉదయపు రద్దీ.

ఏడాదికి అరవై వేల కిలోమీటర్లు

కేతేపల్లి నుంచి నిత్యం నగరానికి పోయి వచ్చే వ్యక్తి రోజుకు 240 కిలోమీటర్లు తిరుగుతాడు. ఏడాదికి 250 పనిదినాలు వేసుకున్నా 60 వేల కిలోమీటర్లు. భూగోళాన్ని ఒకసారి పూర్తిగా చుట్టి, మరో సగం చుట్టినంత. పోవడానికి రెండున్నర గంటలు, రావడానికి రెండున్నర గంటలు చొప్పున లెక్కిస్తే ఏడాదిలో 1,250 గంటలు, అంటే రాత్రింబవళ్లు కలిపి 52 రోజులు బస్సు సీటులోనే గడిచిపోతాయి. ఎల్‌బీనగర్‌లో దిగాక మాదాపూర్‌కో, గచ్చిబౌలికో పోవడానికి పట్టే సమయం ఇందులో కలపలేదు.

కారు ఉన్నవారి లెక్క మరొకటి. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే బండికి రోజుకు పదమూడు లీటర్లకు పైగా పెట్రోలు కావాలి. 2025లో హైదరాబాద్‌లో లీటరు ధర రూ.107 దాటి ఉంది. ఆ ప్రకారం ఒక్క రోజు ఇంధనానికే రూ.1,400 పైచిలుకు. టోల్ గేటుకు 20 కిలోమీటర్ల లోపు నివాసితులకు ఇచ్చే నెల పాసు 2025–26లో రూ.350 ఉండగా, అది కొర్లపహాడ్ గేటుకే అక్కరకొస్తుంది. పంతంగి అంత దగ్గరలో లేదు. 2025 ఆగస్టు 15 నుంచి కేంద్రం రూ.3 వేల ధరతో అమల్లోకి తెచ్చిన వార్షిక పాసు కొంత ఊరట. 200 మార్లు గేటు దాటవచ్చు గనుక ఆ ధర ప్రకారం ఒక్కో దాటుడుకు రూ.15 పడింది. అయితే పోను ఒకటి, రాను ఒకటి లెక్కన ఒక్క పంతంగి దాటినా వంద రోజులకే పాసు హరించుకుపోతుంది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఈ పాసు చెల్లదు, అక్కడి రుసుము వేరు.

నలుగురు కలిసి కారులో పోతే ఖర్చు తగ్గుతుందన్నది నిజమే. కాని నలుగురి పని వేళలు, నలుగురి సెలవులు ఒక్కటి కావడం ఎంత కష్టమో అలా ప్రయత్నించినవారికే తెలుసు.

ఖర్చు విషయంలో స్త్రీలకు ఒక వెసులుబాటు వచ్చింది. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వారికి ప్రయాణం ఉచితం. దుకాణాల్లో, ఆసుపత్రుల్లో పది, పదిహేను వేల జీతానికి పనిచేసే మహిళకు బస్సు ఛార్జీయే జీతంలో పెద్ద వాటా తినేసే రోజులు పోయాయి. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ దాకా కొలువుకు పోయి రావడం దీనివల్ల గిట్టుబాటైంది. అయితే సూర్యాపేటలోనే నిండి వచ్చే బస్సులో నిలుచుని పోవడం, చీకటి పడ్డాక స్టేజీ నుంచి ఊళ్లోకి నడవడం ఏ పథకం కిందకూ రాలేదు. మండలంలోని లోపలి గ్రామాల వారికి స్టేజీ దాకా చేరడమే ఒక ప్రయాణం.

ముంబయిలో సాధ్యమైంది ఇక్కడెందుకు కాదు?

ఇదే 120 కిలోమీటర్ల దూరం ముంబయికి ఒక సమస్యే కాదని కొందరు వాదిస్తారు. అది కొంతవరకు నిజం. ముంబయి ఛత్రపతి శివాజీ టెర్మినస్‌కు కసారా స్టేషన్ సుమారు 121 కిలోమీటర్లు. అక్కడిదాకా లోకల్ రైలు నడుస్తుంది. పుణె–ముంబయి నడుమ 192 కిలోమీటర్ల దూరాన్ని కలుపుతూ 1930 నుంచి నడుస్తున్న దక్కన్ క్వీన్‌లో నిత్య ప్రయాణికుల తరాలే గడిచాయి. ఢిల్లీ–మీరట్ నడుమ 82 కిలోమీటర్ల వేగ రైలు మార్గంలో తొలి భాగం 2023లో మొదలైంది. ఈ మూడింటిలోనూ ఉన్నది పట్టా. కేతేపల్లికి లేనిది అదే.

నకిరేకల్‌కు, సూర్యాపేటకు నేటికీ రైలు లేదు. చిట్యాల, నల్లగొండల మీదుగా పోయే బీబీనగర్–నడికుడి మార్గం చాలా ఏళ్లుగా ఒంటి లైనే. గుంటూరు–బీబీనగర్ రెండో లైనుకు కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టులో ఆమోదం తెలిపింది. అది పూర్తయినా ప్రయోజనం ముందుగా నల్లగొండ, చిట్యాల వాసులకే. సూర్యాపేట మీదుగా వేగ రైలు అన్న మాట సర్వేల దగ్గర నుంచి ముందుకు వచ్చినప్పుడు చూడాలి. దాన్ని నమ్మి ఇవాళ ఇల్లు కొనడం విజ్ఞత అనిపించుకోదు.

దారి చూపిన చోటే కాపురం

హైదరాబాద్‌లో జిల్లాల వారు స్థిరపడ్డ తీరు గమనిస్తే ఆసక్తికరమైన విషయం బోధపడుతుంది. ఏ దారిన పట్నం వచ్చారో ఆ దారి నగరాన్ని తాకే చోటనే దిగిపోయారు. వరంగల్ వారు ఉప్పల్ పరిసరాల్లో, పాలమూరు వారు ఆరాంఘర్, శంషాబాద్ వైపు, నల్లగొండ వారు దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, ఎల్‌బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ ప్రాంతాల్లో కుదురుకున్నారు. దీనివెనుక ఉన్న తర్కం సులువే. పండుగకు, పెళ్లికి, చావుకు బస్సెక్కితే నేరుగా ఊళ్లో దిగాలి. ఊరి నుంచి బియ్యం బస్తా, పచ్చడి జాడీ వస్తే స్టేజీ దగ్గర అందుకోవాలి. వీధిలో నలుగురు మన జిల్లా వారుంటే అద్దె ఇల్లు దొరకడం కూడా తేలిక.

ఆ తర్కం ఒకప్పుడు చక్కగా నడిచింది. కోఠి, అబిడ్స్, సచివాలయం చుట్టూ కొలువులు ఉన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్ కాపురం సౌకర్యం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత కొలువుల కేంద్రం నగరానికి పడమట పడింది. నల్లగొండ దారి తూర్పున ఉంది. తండ్రి రెండు దశాబ్దాల కిందట ముందుచూపుతో హయత్‌నగర్‌లో కొన్న ప్లాటులో ఇల్లు కట్టుకున్న కొడుకు నేడు మాదాపూర్ చేరడానికి నగరం నడిబొడ్డును చీల్చుకుంటూ పోవలసి వస్తోంది. ఆస్తి విలువ పెరిగింది, నిజమే. నిద్ర తగ్గింది, అదీ నిజమే.

మెట్రో రైలు ఈ కష్టాన్ని కొంత తగ్గించింది. ఎల్‌బీనగర్–అమీర్‌పేట మార్గం 2018 సెప్టెంబరులో, అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ 2019 మార్చిలో, రాయదుర్గం దాకా అదే ఏడాది నవంబరులో అందుబాటులోకి వచ్చాయి. అమీర్‌పేటలో రైలు మారితే తూర్పు నుంచి పడమటికి చేరవచ్చు. ఎల్‌బీనగర్ నుంచి హయత్‌నగర్‌కు సుమారు 7 కిలోమీటర్ల పొడిగింపును రెండో దశలో చేర్చి రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఆమోదించి కేంద్రానికి పంపింది. కాగితం మీద ఉన్న స్టేషన్‌ను చూపి అద్దెలు పెంచడం మాత్రం ఇప్పటికే ఆనవాయితీ అయింది.

నడిమధ్య మజిలీలు

ఈ నేపథ్యంలోనే చౌటుప్పల్ పేరు ప్రతి ఇంటి చర్చలో వినిపిస్తోంది. నగరానికి సుమారు 50 కిలోమీటర్లు, కేతేపల్లికి ఓ డెబ్బై. 2018లో పురపాలక సంఘమైంది. దండుమల్కాపురంలో 2019 నవంబరులో ప్రారంభించిన పారిశ్రామిక పార్కు, అంతకుముందు నుంచే ఉన్న పరిశ్రమలు కొంతమందికి ఉపాధినిస్తున్నాయి. అంటే కొందరి విషయంలో పట్నమే సగం దూరం ఎదురు వచ్చిందన్నమాట. భార్య చౌటుప్పల్‌లో, భర్త ఎల్‌బీనగర్ వైపు పనిచేసే జంటకు ఇంతకు మించిన చోటు లేదు.

మరోవైపు, చౌటుప్పల్ పరిసరాల్లో ఫ్లోరైడ్, రసాయన పరిశ్రమల వల్ల భూగర్భ జలాల కాలుష్యం గురించిన ఫిర్యాదులు ఏళ్ల తరబడి ఉన్నవే. ఇంటింటికీ తాగునీటి పథకానికి, తరువాతి కాలంలో మిషన్ భగీరథగా పిలిచిన దానికి, 2015 జూన్‌లో చౌటుప్పల్‌లోనే పైలాన్ వేశారు. తాగునీరు నల్లాలో వస్తుంది సరే, వాడుక నీటికి బోరుపైనే ఆధారపడే కాలనీల్లో ఇల్లు చూసేవారు ముందుగా ఆ బోరు నీటిని పరీక్ష చేయించుకోవడం మేలు. ఇల్లు చూడ్డానికి పగలు పోతే చాలదు, రాత్రి కూడా ఒకసారి పోయి గాలి వాసన చూసి రావాలని అక్కడ కాపురమున్నవారు చెప్పే మాటలో అతిశయోక్తి లేదు.

చిట్యాల, నార్కట్‌పల్లి గురించి మాట్లాడేవారు తక్కువ. కాని రోజూ కాక వారానికి రెండు, మూడు రోజులే నగరానికి పోయే పని ఉన్నవారికి అవే నప్పుతాయి. అద్దె తక్కువ, నార్కట్‌పల్లిలో పెద్దాసుపత్రి ఉంది, చిట్యాలలో రైలు స్టేషన్ ఉంది, పొలం చూసుకోవడానికి గంటలో ఊరు చేరవచ్చు. కరోనా తరువాత ఇంటి నుంచి పనిచేసే పద్ధతి కొన్ని కంపెనీల్లో పాక్షికంగా మిగిలింది. అలాంటి కొలువు ఉన్నవాడికి కేతేపల్లి సొంతిల్లు కూడా దూరం కాదు.

గుంటలు అమ్మి గజాలు కొనడం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండింటికీ పొలమే పెట్టుబడి కావడం ఇక్కడి వాస్తవం. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. రైతు గుంటల్లో ఆలోచిస్తాడు, ప్లాట్ల వ్యాపారి గజాల్లో మాట్లాడతాడు. 4,840 గజాల ఎకరం అమ్మి నూట యాభై గజాల ముక్క కొంటున్నామన్న సంగతి చాలామందికి రిజిస్ట్రేషన్ అయ్యాక గాని తట్టదు. అమ్మిన ఎకరం మూసీ కుడి కాల్వ కింద రెండు పంటలు పండే నేల అయితే, ఆ నష్టాన్ని ప్లాటు ధరతో పూడ్చడం అన్ని వేళలా కుదరదు.

కొనే చోట జాగ్రత్తలు కూడా మారాయి. హెచ్‌ఎండీఏ పరిధిని 2025లో ప్రాంతీయ వలయ రహదారి దాకా విస్తరించారు. పంచాయతీ లేఅవుట్ అని కాగితం చూపి అంటగట్టే ప్లాట్లకు ఇంటి అనుమతి వస్తుందన్న భరోసా లేదు. అనుమతి లేని ప్లాట్ల క్రమబద్ధీకరణకు 2020లో పిలిచిన దరఖాస్తులు ఏళ్ల పాటు పెండింగ్‌లో నలిగాయి. అయిదు వందల చదరపు మీటర్లు దాటిన వెంచర్‌కు రెరా నంబరు ఉందో లేదో అడగడం కొనేవాడి హక్కు. ఔటర్ లోపల కొంటే చెరువు ఎఫ్‌టీఎల్, బఫర్ హద్దులు చూసుకోవాలి. 2024 జులైలో ఏర్పడిన హైడ్రా కూల్చివేతలు ఆ పాఠం నేర్పాయి. చౌటుప్పల్ వద్ద కొంటే ప్రాంతీయ వలయ రహదారి అలైన్‌మెంట్ చూసుకోవాలి. ఆ రహదారి ఉత్తర, దక్షిణ భాగాలు కలిసేది అక్కడే. ఇళ్లు, ప్లాట్లు పోతున్నాయంటూ అక్కడి బాధితులు చేసిన ఆందోళనలు అందరూ చూసినవే. ఇటు కేతేపల్లిలో రహదారిని ఆనుకుని ఇల్లు కట్టేవారికీ ఒక హెచ్చరిక అవసరం. జాతీయ రహదారిని ఆరు వరుసలకు విస్తరించే ప్రక్రియ మొదలైంది. రోడ్డు పక్కనున్న స్థలానికి విలువ ఎంతో, ముప్పూ అంతే.

రెండు పొయ్యిల కాపురం

చివరికి చాలా కుటుంబాలు చేరుతున్న పరిష్కారం ఏమిటంటే, విడిపోవడం. తండ్రి పొలంతో ఊళ్లో, తల్లి పిల్లలతో నగరంలో. శనివారం రాత్రి ఒకరు బస్సెక్కుతారు, సోమవారం తెల్లవారుజామున తిరుగు బస్సు. పిల్లల చదువు రెండేళ్లే కదా అని మొదలైన ఈ ఏర్పాటు ఇంటర్ నుంచి ఇంజినీరింగ్‌కు సాగి ఆరేళ్లవుతుంది.

దీని అసలు ఖరీదు అద్దె కాదు. రెండు పొయ్యిలు వెలిగితే రెండు గ్యాస్ బండలు, రెండు కరెంటు బిల్లులు. 2024 మార్చి నుంచి అమలైన గృహజ్యోతి కింద 200 యూనిట్ల ఉచిత విద్యుత్తు కుటుంబానికి ఒక్క కనెక్షన్‌కే వర్తిస్తుంది. ఊరి ఇంటికి పెట్టుకోవాలా, నగరంలోని అద్దె ఇంటికా అన్నది తేల్చుకోవాలి. వాడకం ఎక్కడ ఎక్కువో అక్కడ పెట్టుకోవడమే లాభం. రేషన్ బియ్యం రాష్ట్రంలో ఏ దుకాణంలోనైనా తీసుకునే వీలుంది గనుక ఆ చిక్కు లేదు. ఓటు మాత్రం అధికశాతం ఊళ్లోనే ఉంచుకుంటున్నారు. 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికలకు నగరం నుంచి పల్లెకు కదిలిన జనమే అందుకు సాక్ష్యం.

ఇందులో లెక్కకు రానిది ముసలివారి సంగతి. కొడుకు కోడలు నగరంలో, మనవలు నగరంలో. పెద్దలు ఊరు వదలరు. వదలమని అడగడమూ న్యాయం కాదు. రాత్రివేళ ఛాతీ నొప్పి వస్తే పట్టుకుపోయేది ఎవరన్నదే ప్రశ్న. సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అది కేతేపల్లికి దగ్గరే. విచిత్రమేమంటే 2016 అక్టోబరు 11న జిల్లాల విభజన జరిగినప్పుడు పక్కనే ఉన్న సూర్యాపేట వేరే జిల్లాకు కేంద్రమైంది, కేతేపల్లి నల్లగొండలోనే మిగిలింది. ఆసుపత్రికి ఒక జిల్లా, కలెక్టర్ కార్యాలయానికి మరో జిల్లా. ఊళ్లో ఉండిపోదామనుకునేవారు రెండు దారులూ గుర్తుంచుకోవాలి.

ఎదురు వచ్చే బస్సులో

ఉదయం నగరానికి పోయే బస్సులకు ఎదురుగా నగరం నుంచి వచ్చే బస్సుల్లో మరో వర్గం ప్రయాణిస్తోంది. ఎల్‌బీనగర్, వనస్థలిపురంలో కాపురముంటూ జిల్లా మండలాల్లో కొలువు చేసే ఉపాధ్యాయులు, ఉద్యోగులు వీరు. 2020 వేతన సవరణ ప్రకారం ఇంటి అద్దె భత్యం హైదరాబాద్ నగర పరిధిలో పనిచేసేవారికి 24 శాతం, గ్రామాల్లో పనిచేసేవారికి 11 శాతం. భత్యం పనిచేసే చోటును బట్టే వస్తుంది. నగరం అద్దె కడుతూ పల్లె భత్యం తీసుకుంటూ, పైగా ప్రయాణ ఖర్చు భరిస్తూ వీరు తిరగడానికి కారణం కూడా పిల్లల బడి, జీవిత భాగస్వామి కొలువు. కేతేపల్లి రైతును నగరానికి లాగుతున్నదీ, నగరంలో ఉన్న టీచరును కేతేపల్లిలో కాపురం పెట్టనీయనిదీ ఒకే కారణమన్నది గమనార్హం.

ఊరి బడికి దీనివల్ల కలిగే నష్టం చిన్నది కాదు. సాయంత్రం బస్సు వేళకు ముందే మనసు స్టేజీ వైపు పోతుంది. 2025 ఆగస్టు నుంచి పాఠశాలల్లో ఉపాధ్యాయులకు ముఖ గుర్తింపు హాజరు వచ్చింది. రాకపోకల వేళలు దానితో నమోదవుతాయేమో గాని, సారు ఊళ్లోనే ఉంటే సాయంత్రం అరుగు మీద జరిగే పాఠం దానితో రాదు.

ఎవరు ఎక్కడ ఉండాలన్నదానికి అందరికీ ఒకే జవాబు లేదు గాని, కొన్ని సంగతులు తేటగానే ఉన్నాయి. ఏళ్ల తరబడి రోజూ 240 కిలోమీటర్లు తిరగడం జరిగే పని కాదు. కొలువు పడమటి నగరంలో ఉంటే హయత్‌నగర్ ఇల్లు పేరుకే దగ్గర. అలాంటివారు మెట్రో స్టేషన్‌కు నడిచిపోయే దూరంలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకోవడం ఉత్తమం. కొనే ముందు అదే ప్రాంతంలో ఏడాది అద్దెకుండి చూస్తే నీటి సంగతి, రోడ్డు సంగతి, వానాకాలపు సంగతి తెలిసిపోతాయి. ఇంట్లో ఎవరు ఎక్కువ దూరం పోతున్నారో వారి వేళలను బట్టి ఇల్లు చూడాలి. వాస్తవంలో జరుగుతున్నది దీనికి భిన్నం. సంపాదించే మగవాడి ఆఫీసును చూసి ఇల్లు తీసుకుంటున్నారు. కాలేజీకి రెండు బస్సులు మారే ఆడపిల్ల అలసట ఎవరి లెక్కలోకీ రావడం లేదు.

రహదారిపై 17 ప్రమాద స్థలాలను గుర్తించి 2024లో మరమ్మతు పనులు మొదలుపెట్టారు. మండలంలోని ఇనుపాముల కూడలి వాటిలో ఒకటి. బైకుపై నకిరేకల్‌కో, సూర్యాపేటకో పోయి అక్కడ బస్సు పట్టుకునే యువకులు దాటేది ఇలాంటి కూడళ్లనే. తెల్లవారుజామున మంచులో, రాత్రి లారీల వెలుతురులో. ఊళ్లో ఉండి తిరుగుతామనే పిల్లల విషయంలో తల్లి భయపడేది ఈ అయిదు నిమిషాలకే గాని రెండున్నర గంటల బస్సు ప్రయాణానికి కాదు.

హైదరాబాద్ మురుగునంతా మోసుకుంటూ మూసీ ఈ మండలానికి వస్తుంది. సోలిపేట వద్ద 4.46 టీఎంసీల జలాశయంలో నిలిచి కాల్వల్లోకి మళ్లుతుంది. పట్నం వదిలిన నీళ్లతో ఇక్కడ వరి పండుతుంది, ఆ బియ్యం మళ్లీ పట్నానికే పోతుంది. 2019 అక్టోబరులో జలాశయం గేటు ఊడి నీళ్లన్నీ కిందికి పోయినప్పుడు ఆయకట్టు రైతులు పడ్డ ఆందోళన ఇంకా గుర్తుంది. ఊరు వదలాలా వద్దా అన్న నిర్ణయం ఇక్కడ ఇప్పటికీ కాల్వ మీద ఆధారపడి ఉంది. యాసంగి కోతలు ముగిసి, వడ్ల పైసలు ఖాతాలో పడ్డాకే బడి నుంచి టీసీలు తీసుకోవడం, హయత్‌నగర్‌లో అద్దె ఇళ్లు వెతకడం మొదలవుతాయి. ఏప్రిల్, మే నెలల్లో కేతేపల్లి స్టేజీలో పరుపు చుట్ట, గ్యాస్ పొయ్యి, బియ్యం బస్తాతో ట్రాలీ ఆటో కోసం నిలబడ్డ కుటుంబాలు కనిపిస్తే వారు ఏ ఊరికి పోతున్నారని ఎవరూ అడగరు, ఎన్నేళ్లకని మాత్రం అడుగుతారు.